గస్తీ మాది, టైంటేబుల్ వాళ్ల చేతిలో: గేమ్ థియరీ అడవికి పనికొస్తుందా?

శేషాచలం_బీటు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. అటవీ శాఖలో పదకొండేళ్లుగా బీట్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఏ డివిజనో చెప్పలేను. ఎర్రచందనం ఉన్న కొండలు అనుకోండి, చాలు.

మా బేస్ క్యాంపులో నాతో కలిపి ఆరుగురం. నడవాల్సిన దారులు ఏడు. ఇద్దరేసి విడిపోయి వెళ్లడం ప్రమాదం, అందుకని రాత్రికి ఒక్క దారే నడుస్తాం. మేము ఒక కోనలో ఉంటే చెట్టు పక్క కోనలో పడుతుంది. తెల్లారి వెళ్తే పచ్చి మొద్దు, దుంగ మీది తెల్లచెక్క చెక్కేసిన పేళ్లు, అన్నం తిన్న ఆకులు. ఆ మొద్దు దగ్గర నిలబడితే కడుపు రగిలిపోతుంది. ఎర్రచందనం ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు.

మా కదలికలు వాళ్లకి ఎలా తెలుస్తున్నాయా అని ఒకరోజు పాత రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాను. ఎవరూ చెప్పక్కర్లేదు. సోమవారం సరుకుల బండి వస్తుంది, ఆ రాత్రి క్యాంపుకి దగ్గరి దారి. శనివారం ఇద్దరు ఇంటికి వెళ్తారు, ఆ రాత్రి తేలిక దారి. కష్టమైన మూడు దారులూ మంగళ, బుధ, గురు. ఎదురు కొండ మీద ఒక మనిషిని నెల రోజులు కూర్చోబెడితే మా టైంటేబుల్ మొత్తం రాసుకుంటాడు.

అమెరికాలో ఒక విమానాశ్రయంలో పోలీసులు ఎక్కడ చెక్ చేయాలో గేమ్ థియరీతో, అంటే ఎదుటివాడు ఏం చేస్తాడో లెక్కగట్టి మన అడుగు ఎంచుకునే గణితంతో, తేల్చుకుంటారని ఎక్కడో చదివాను. మాలాంటి వాళ్లకి అది పనికొస్తుందా? కంప్యూటర్లు, డ్రోన్లు లేకుండా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

లెక్కల_మాస్టారు

బాబూ, మీరు రిజిస్టర్ తిరగేసి కనిపెట్టిందే ఆ సిద్ధాంతంలో సగం. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు గణితం చెప్పాను, చాతనైనంత వివరంగా రాస్తాను.

మీరు చదివింది లాస్ ఏంజిలెస్ విమానాశ్రయం గురించి. 2007లో మిలింద్ తాంబే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త బృందం అక్కడ ‘ఆర్మర్’ అనే ప్రోగ్రామ్ పెట్టింది. లోపలికి వచ్చే రోడ్లలో ఏ రోజు ఏ రోడ్డు మీద చెక్‌పోస్టు పెట్టాలి, ఏ టెర్మినల్‌కి పోలీసు కుక్కలు వెళ్లాలి అన్నది అది చెప్పేది. తర్వాత విమానాల్లో మఫ్టీలో ప్రయాణించే ఎయిర్ మార్షళ్లకీ, బోస్టన్ ఓడరేవులో కోస్ట్‌గార్డుకీ ఇలాంటివే తయారుచేశారు. దీని వెనకున్న ఆలోచన పాతది. 1934లో స్టాకెల్‌బర్గ్ అనే జర్మన్ ఆర్థికవేత్త ఒక ప్రశ్న వేశాడు. ఒకరు ముందు అడుగు వేసి, రెండోవాడు అది చూసి తన అడుగు వేస్తే, ముందు వేసేవాడు ఎలా వేయాలి? ఆయన అడిగింది వ్యాపార సంస్థల గురించి. మీ కొండ మీద ముందు అడుగు మీది, చూసి వేసే అడుగు వాళ్లది.

ఏడు దారులు వదిలేసి రెండే తీసుకుందాం. ‘అ’ దారిలో మంచి చెట్లున్నాయి, దొరక్కుండా కొడితే ఆ రాత్రి దొంగకి 3 లక్షలు. ‘ఆ’ దారిలో 1 లక్ష. మీరున్న దారికి వస్తే సున్నా. మీది ఒక్కటే బృందం.

ఎప్పుడూ ‘అ’లోనే ఉన్నారనుకోండి. దొంగ ‘ఆ’కి వెళ్తాడు, రాత్రికి 1 లక్ష పోతుంది. బొమ్మా బొరుసూ వేసి సగం సగం తిరిగితే వాడు ‘అ’కే వస్తాడు, సగటున లక్షన్నర పోతుంది. అంటే సమానంగా పంచడం ఇంకా నష్టం. నాలుగింట మూడు వంతులు ‘అ’, ఒక వంతు ‘ఆ’ తిరిగితే? ‘అ’కి వస్తే వాడికి దక్కేది 3 లక్షల్లో నాలుగో వంతు, 75 వేలు. ‘ఆ’కి వస్తే 1 లక్షలో మూడు వంతులు, అదీ 75 వేలే. ఎటు వెళ్లినా ఒకటే. ఇంతకంటే తగ్గించడం ఒక్క బృందంతో సాధ్యం కాదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. అదే మూడు, ఒకటి లెక్కని మీరు టైంటేబుల్ చేసుకున్నారనుకోండి. మూడు రాత్రులు ‘అ’, నాలుగో రాత్రి ‘ఆ’, మళ్లీ మొదటికి. దొంగ అది పసిగట్టాడు. మొదటి మూడు రాత్రులు ‘ఆ’లో లక్ష చొప్పున, నాలుగో రాత్రి ‘అ’లో 3 లక్షలు. నాలుగు రాత్రులకి 6 లక్షలు, అంటే రాత్రికి లక్షన్నర. మనుషులు వాళ్లే, నడక అంతే, ఒక్కో దారికి ఇచ్చిన వాటా కూడా అంతే. ఏ రాత్రి ఎటు అన్నది ముందే తెలిసిపోయినందుకు నష్టం 75 వేల నుంచి లక్షన్నర అయింది. సరిగ్గా రెట్టింపు.

మీ ఏడు దారులకీ సూత్రం ఇదే. ఏ దారి చూసినా దొంగకి లాభం ఒకేలా కనిపించేంత వరకు మంచి దారుల వాటా పెంచుకుంటూ పోవాలి. కంప్యూటర్ అక్కర్లేదు. డబ్బాలో చీటీలు చాలు, ముఖ్యమైన దారికి ఎక్కువ చీటీలు.

---

పిట్స్‌బర్గ్_నుంచి_కిరణ్

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. నేను పీహెచ్‌డీ చేస్తున్నది దీనికి దగ్గరి విషయంలోనే. బీటు అన్నకి ఉపయోగపడేది ఒకటి చెప్తాను.

విమానాశ్రయం తర్వాత ఇదే పద్ధతిని అడవుల్లోకి తీసుకెళ్లారు. దాని పేరు ‘పాస్’. 2014లో ఉగాండాలోని క్వీన్ ఎలిజబెత్ నేషనల్ పార్క్‌లో, తర్వాత మలేషియాలో నడిచి చూశారు. మొదటి రూపం నేల మీద దెబ్బతింది. మ్యాప్‌ని గళ్లుగా కోసి ఈ గడి నుంచి ఆ గడికి వెళ్లండి అంది. మధ్యలో లోయ ఉందా, నిటారుగా కొండ ఉందా అన్నది దానికి పట్టలేదు. తర్వాత గట్లు, వాగులు, జంతువులు నడిచే బాటలు కలిపి ఒక రోడ్ల మ్యాప్ లాగా గీసి, వాటి మీదే దారులు ఇచ్చారు. అది తెలిసింది గార్డుల పక్కన నడిచినప్పుడే.

ఇంకోటి. విమానాశ్రయంలో దాడి ఎప్పుడో గానీ జరగదు, పాత రికార్డుతో నేర్చుకునేది తక్కువ. అడవిలో ప్రతి వారం ఉచ్చులు దొరుకుతాయి, మొద్దులు దొరుకుతాయి. వాటిని బట్టి తర్వాత ఎక్కడ ఉండొచ్చో అంచనా వేయొచ్చు. ఉగాండాలో అలా అంచనా వేసి, అంతకుముందు గస్తీ పెద్దగా తిరగని ఒక చోటుకి గార్డుల్ని పంపితే, దంతాలు కోసేసిన ఏనుగు కళేబరం, పెట్టడానికి సిద్ధంగా ఉంచిన ఉచ్చులు దొరికాయి. ఆ ఉచ్చులు పెట్టకముందే దొరకడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

అన్నా, మీ రిజిస్టర్‌లో వెళ్లిన దారి మాత్రమే రాస్తారా, ఏం కనిపించిందో కూడా రాస్తారా?

---

శేషాచలం_బీటు

మాస్టారూ, రెట్టింపు అన్న లెక్క మా క్యాంపులో అందరికీ చదివి వినిపించాను. మా వాచర్ ఒకాయన, చదువుకోలేదు, ‘మన కాళ్లు సగం ఊరికే అరుగుతున్నాయన్నమాట’ అన్నాడు.

కిరణ్, మొద్దు కనిపిస్తే కేసు రాస్తాం కాబట్టి అది ఉంటుంది. ఏమీ కనిపించకపోతే ‘గస్తీ జరిగింది’ అంతే.

---

ఈటీపీ_సరిత

ఇది అడవికే కాదండీ. నేను బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో ఎఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్ ప్లాంట్లు (ఈటీపీ), అంటే ఫ్యాక్టరీ వ్యర్థ జలాల్ని శుద్ధి చేసేవి, చూసే ఇంజినీర్‌ని. హైదరాబాద్ చుట్టుపక్కల పద్నాలుగేళ్లు చేశాను. మొదట్లో పనిచేసిన ఒక చోట, పేరు వద్దు, తనిఖీ బండి బయల్దేరిన గంటలో మాకు ఫోన్ వచ్చేది. వెంటనే ట్యాంకుల్లోకి గాలి కొట్టే ఏరేటర్లన్నీ ఆన్. మిగతా రోజుల్లో కరెంటు బిల్లు ఎక్కువని రెండు ఆపేసేవారు. జోరున వాన పడే రాత్రి ట్యాంకు వాల్వు తెరిచేవారు, వాన నీళ్లలో కలిసిపోతుందని. ఆ రాత్రులు నాకు నిద్ర పట్టేది కాదు. మూడు నెలలకి మానేశాను. కింద వాగు పట్టున కూరగాయలు వేసేవాళ్లు ఉన్నారు.

గుజరాత్‌లో 2009 నుంచి రెండేళ్లు జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ చెప్పాలి. ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ ర్యాన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. 473 ప్లాంట్లు. అక్కడ కాలుష్యం కొలిచే ఆడిటర్‌ని ఫ్యాక్టరీలే ఎంచుకుని డబ్బులిచ్చేవి. సగం ప్లాంట్లకి అదే పద్ధతి ఉంచారు. వాటిలో పొగలో ధూళి పరిమితి దాటినవి 7 శాతమే అని ఆడిటర్లు రాశారు. వేరేవాళ్లు వెళ్లి కొలిస్తే 59 శాతం దాటాయి. మిగతా సగానికి పద్ధతి మార్చారు. ఆడిటర్ ఎవరన్నది లాటరీ తీశారు, జీతం అందరికీ కలిపి ఒక నిధి నుంచి ఇచ్చారు, కొన్నింటిని చెప్పకుండా మళ్లీ కొలిచారు. ఆడిటర్లు నిజం రాయడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీల కాలుష్యం కూడా తగ్గింది.

కానీ అదే బృందం ఇంకో పని చేసింది, అది కూడా వినండి. కొన్ని ఫ్యాక్టరీలకి తనిఖీల సంఖ్య రెట్టింపు చేశారు, ఎవరికి అన్నది లాటరీతో. కాలుష్యం పెద్దగా తగ్గలేదు. ఎందుకంటే అధికారులు అంతకుముందు తమకి తెలిసిన సమాచారంతో మరీ ఘోరమైన వాళ్ల దగ్గరికే వెళ్లేవారు. లాటరీలో పెరిగిన తనిఖీలు ఒక మోస్తరు వాళ్ల మీద పడ్డాయి.

అందుకే బీటు గారూ, చీటీల డబ్బా మంచిదే. కానీ మీ పదకొండేళ్ల అనుభవాన్ని డబ్బా బయట పెట్టకండి. ఏ దారికి ఎన్ని చీటీలో ఆ అనుభవమే చెప్పాలి.

---

లెక్కల_మాస్టారు

సరితమ్మా, చక్కగా చెప్పారు. ఎన్ని చీటీలు వేయాలన్నది తెలివి. ఏ చీటీ వస్తుందన్నది ఎవరి చేతిలోనూ ఉండకూడదు. ఈ రెంటినీ కలిపేస్తే తెలివి అలవాటుగా మారిపోతుంది. అలవాటుని ఎదుటివాడు చదివేస్తాడు.

---

రాయదుర్గం_రైతు

మా బోర్ల సంగతి కూడా ఇదే లెక్కలోకి వస్తుందా సార్? పక్కోడు 600 అడుగులు వేస్తే నేను 800 వేయాలి. వేయకపోతే నా నీళ్లు వాడికి పోతాయి. ఇద్దరం వేస్తే ఇద్దరికీ అప్పు, తర్వాత ఇద్దరికీ దుమ్ము. మా నాన్న నాలుగు బోర్లు వేసి పొలంలో సగం అమ్మేశాడు.

---

లెక్కల_మాస్టారు

నాయనా, వస్తుంది. అయితే మీ దాంట్లో దొంగ లేడు, అందరూ పొరుగువాళ్లే. అందుకే మందు కూడా వేరు, దాపరికం కాదు, బహిరంగం. మన దగ్గరే భూగర్భ జలాల ప్రాజెక్టులో ఏడు కరువు జిల్లాల రైతులు తమ బావుల నీటిమట్టం తామే కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. తర్వాత ఆంధ్రలో కొన్ని ఊళ్లలో రైతుల చేత నీళ్ల ఆట ఆడించారు. తక్కువ నీళ్ల పంటా, ఎక్కువ నీళ్ల పంటా అని ఒక్కొక్కరు ఎంచుకోవాలి, చివరికి నీళ్లు ఎన్ని మిగిలాయో అందరికీ కనపడుతుంది. పొరుగువాడు ఎంత తోడుతున్నాడో తెలిసినప్పుడు భయం తగ్గుతుంది. దీని మీద విడిగా రాయాలని ఉంది.

---

నిర్వాహకులు

బోర్ల విషయానికి కొత్త చర్చ తెరిచాం, రాయదుర్గం రైతు గారి ప్రశ్నతోనే. ఇక్కడ గస్తీలు, తనిఖీలు కొనసాగించండి.

---

ఆరణి_టీచర్

నేను తమిళనాడులో తిరువణ్ణామలై జిల్లాలో ఉంటాను. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. జవ్వాదు కొండల కింద ఒక బడిలో పాఠాలు చెప్తాను. ఇంతసేపూ చదివి రాయాలా వద్దా అని ఆలోచించాను.

మాస్టారూ, మీ లెక్కలో దొరికితే సున్నా అని వేశారు. ఎవరికి సున్నా? కొండెక్కి గొడ్డలి పట్టేవాడు మా ఊళ్ల మనిషి. మేస్త్రీ వచ్చి కట్టెల పని అని, కొన్నిసార్లు వేరే ఏదో పని అని చెప్పి తీసుకెళ్తాడు. దొరికితే వాడికి సున్నా కాదు. నెలల తరబడి జైలు, భాష తెలియని కోర్టు, ఇంట్లో వడ్డీ. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో ఒక్క రోజే 20 మంది చనిపోయారు. ఆ ఊళ్ల పిల్లలు కొందరు నా దగ్గర చదివారు.

డబ్బు పెట్టినవాడు కొండ ఎక్కడు. వాడికి మాత్రం మీరు రాసినట్టు నిజంగా సున్నా. ఆ రాత్రి సరుకు రాలేదు, అంతే. ఇంకో ఊరు వెళ్లి ఇంకో పదిమందిని తెచ్చుకుంటాడు.

బీటు గారూ, మీ బాధ నాకు అర్థమైంది. చెట్టు మీద మీకున్న ప్రేమ కూడా. ఈ మాట మీ మీద కోపంతో రాయలేదు.

---

శేషాచలం_బీటు

అమ్మా, మీరు రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నేను పట్టుకున్నవాళ్లలో ఒక అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. రెండు రోజులుగా ఏమీ తినలేదన్నాడు. మా అన్నమే పెట్టాం. వాడి దగ్గరున్న ఫోన్‌లో ఒక్క నంబరే ఉంది, మేము చూసేసరికి అది స్విచాఫ్.

లోడు బండి ముందు, దారి చూసి చెప్పడానికి, పైలట్ బండి వెళ్తుంది. పైలట్‌లో ఉన్నవాడికి కూడా తన పైవాడు ఎవరో తెలియదు. కేసు ఎక్కడ ఆగిపోతుందో మాకు తెలుసు.

---

లెక్కల_మాస్టారు

తల్లీ, తప్పు పట్టి మంచి పని చేశారు. నా లెక్కలో ఆటగాడు ఎవరో సరిగ్గా రాయలేదు. నిన్న రాత్రి మళ్లీ వేసి చూశాను.

ఆట ఆడుతున్నది పెట్టుబడి పెట్టినవాడు. కూలీ వాడి పావు. పావుకి శిక్ష ఎంత పెంచినా ఆటగాడి లెక్కలో ఒక్క అంకె కూడా మారదు. అందుకే వాడికి రాత్రికి 75 వేలు ఎప్పుడూ మిగులుతూనే ఉన్నాయి. ఎంత బాగా గస్తీ తిరిగినా సరే, ఆ సున్నా సున్నాగా ఉన్నంత కాలం ఈ వ్యాపారం లాభమే.

ఇప్పుడు దొరికిన ప్రతిసారీ కేసు వాడి దాకా వెళ్లి, వాడికి 3 లక్షలు నష్టం వచ్చేలా ఉందనుకోండి. బండి జప్తు, బ్యాంకు ఖాతా, ఆస్తి, ఏదైనా. లెక్క మారుతుంది. అయిదింట మూడు వంతులు ‘అ’, రెండు వంతులు ‘ఆ’ తిరగాలి. ‘అ’కి మనుషుల్ని పంపితే వాడికి సగటున 60 వేలు నష్టం. ‘ఆ’కి పంపినా 60 వేలు నష్టమే. అంటే ఇంట్లో కూర్చోవడమే వాడికి మేలు.

మీ ఆరుగురిలో ఒక్కరిని కూడా పెంచలేదు. సున్నా ఉన్న చోట మైనస్ మూడు వేశాను, అంతే. 75 వేల లాభం 60 వేల నష్టం అయింది. ఇది నేను మొదటే చూడాల్సింది.

---

పిట్స్‌బర్గ్_నుంచి_కిరణ్

మాస్టారూ, ఈ లెక్క చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మేము పేపర్లలో ‘దాడి చేసేవాడు’ అని ఒకే మనిషిని రాసేస్తాం. డబ్బు పెట్టేవాడు, మేస్త్రీ, కూలీ ముగ్గురికీ మూడు వేరు లెక్కలు. కూలీ లెక్కలో ఎదుటి పక్కన ఉండేది ఆ వారం ఊళ్లో దొరికే పని. అది పెరిగితే మేస్త్రీ ఇవ్వాల్సింది పెరుగుతుంది, డబ్బు పెట్టినవాడి లాభం అక్కడ కూడా తగ్గుతుంది. టీచర్ గారి ఊళ్లలో పనులు కల్పించడం కూడా చెట్టుకి కాపలానే అన్నమాట.

---

వాచర్_కొడుకు

మా నాన్న ప్రొటెక్షన్ వాచర్‌గా చేశాడు. ఒక విషయం ఎవరూ రాయలేదు. చీటీ వస్తే ఏ రాత్రి ఏ దారో ఎవరికీ తెలియదు అంటున్నారు, బాగుంది. కానీ వరసగా మూడు రాత్రులు గట్టి దారే వస్తే? నాన్న అలా నాలుగో రోజు నడుస్తూ జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. యాభై దాటిన మనుషులు ఉంటారు క్యాంపుల్లో. దొంగకి తెలియకూడదు సరే, ఇంట్లో వాళ్లకి మనిషి ఎప్పుడొస్తాడో తెలియాలి కదా. టెన్షన్‌తో అమ్మ చాలా రాత్రులు గుమ్మంలోనే కూర్చునేది.

---

లెక్కల_మాస్టారు

బాబూ, ఇది లెక్కలోనే పెట్టొచ్చు. సెలవు రోజులు ముందే ఖాయం చేసుకోండి, అవి ఇంటికి చెప్పండి. సెలవులు అందరికీ ఒకే రోజు పడకుండా ఒకరి తర్వాత ఒకరికి ఉంటే బయటివాడికి పనికొచ్చే సమాచారం ఏమీ ఉండదు. గట్టి దారి వరసగా రెండు రాత్రులు వస్తే మూడో రాత్రికి ఆ చీటీలు పక్కన పెట్టి తీయండి. దానివల్ల కొంచెం ఊహకి అందుతారు, నిజమే. మనిషి కాలు కంటే అది ఎక్కువ కాదు.

---

శేషాచలం_బీటు

ఇరవై ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. పైవాళ్లని అడిగితే క్యాంపు మటుకు చేసుకోండి అన్నారు.

పాత బిస్కెట్ డబ్బాలో 20 చీటీలు. మంచి కలప ఉన్న రెండు కోనలకి ఐదేసి, మిగతా ఐదు దారులకి రెండేసి. సాయంత్రం ఐదింటికి రోజుకొకరు తీస్తారు. తీశాక ఫోన్లు సంచిలో. బయల్దేరే టైము కూడా చీటీయే, మూడు చీటీలు. సరుకుల బండి వచ్చే రోజు మార్పించలేకపోయాను, కానీ ఆ రాత్రి కూడా చీటీ తీస్తున్నాం.

రెండేళ్లుగా ఎవరూ వెళ్లని ఒక దారిలో పదకొండు దుంగల డంప్ దొరికింది, ఆకులు కప్పి ఉంది. పాతదే, బూజు పట్టింది. ఇంకోసారి రాత్రి రెండింటికి ఎదురుగా మనుషులు వచ్చారు. మమ్మల్ని చూసి దుంగలు పారేసి పరుగెత్తారు. మేము తరమలేదు, చీకట్లో అది లోయ పక్క దారి. నాలుగు దుంగలు. ఈ ఇరవై ఆరు రోజుల్లో కొత్త మొద్దులు మూడు. అంతకుముందు నెల తొమ్మిది. అయితే ఈ నెల వానలు కూడా పడ్డాయి.

ఆ పారేసిన దుంగల దగ్గర ఒక బండి తాళం దొరికింది. ఈసారి తాళాన్ని దుంగలతో పాటు స్టోర్‌లో పెట్టకుండా, బండి ఎవరిదో తేల్చమని విడిగా రాసి పంపాను. టీచరమ్మ మాట గుర్తొచ్చి.

---

లెక్కల_మాస్టారు

చాలా సంతోషం. తొమ్మిది మూడు అయింది కాబట్టి పద్ధతి పనిచేసిందని ఇప్పుడే అనకండి, వాన సంగతి మీరే చెప్పారు. ఇంకో నాలుగు నెలలు రాయండి. ఏమీ కనిపించని రాత్రులు కూడా రాయాలి. ఏ దారి, ఎన్ని గంటలకి, వాన ఉందా లేదా, ఏమీ లేదు అని. ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పండి. చీటీ తీశాక నచ్చక లోపల వేసి మళ్లీ తీశారా?

---

శేషాచలం_బీటు

రెండుసార్లు తీశాం మాస్టారూ. రెండుసార్లూ తలకోన వైపు ఎక్కాల్సిన దారే వచ్చింది, అందరం అలిసిపోయి ఉన్నాం. రిజిస్టర్‌లో ఆ రెండు తేదీల పక్కన ‘మళ్లీ తీశాం’ అని ఇవాళ రాశాను.